పద్నాలుగో లూప్

సాలిగ్రామంలో, జిరాక్స్ షాపు పైన,
గోడలకి నురగ అట్టలు అతికించిన గది.
ఏసీ ఆపితేనే రికార్డింగు.
మే నెల. మైకు ముందు నేను, నా చెమట.
తెర మీద ఒడెల్లా అనే ముసలామె.

అమెరికాలో ఏదో ఊరు.
పేరు స్క్రిప్టులో తప్పు పడింది, ఎవరూ దిద్దలేదు.
పెద్ద వంతెన కింద నిలబడి
సిమెంటు స్తంభాన్ని అరచేత్తో తడుతోంది,
ఈనబోయే గేదెను తట్టినట్టు.
ఒకప్పుడు తెల్లవాళ్ల పటంలో ఒక గీత.
ఆ గీత కింద నల్లవాళ్ల వీధులు పన్నెండు,
రెండు చర్చిలు, ఒక మంగలి అంగడి,
ఆమె పెళ్లిగౌను కుట్టిన దర్జీ.
గీత జరగలేదు. వీధులే జరిగాయి.

నా వాక్యం:
"ఇక్కడే మా వంటగది ఉండేది."

టాక్‌బ్యాక్‌లో శేషశాయి గారు:
"మరీ టీచరమ్మలా ఉంది మేడమ్.
కాస్త యాస కలపండి. పనిమనిషి యాస.
మీరు చేస్తారుగా, కామెడీల్లో."

చేస్తాను.
ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను.
నా గొంతుతో హీరోయిన్లు పెళ్లిళ్లు చేసుకున్నారు,
దయ్యాలు నిమ్మకాయలకు భయపడ్డాయి,
ఒక సబ్బు ఆరేళ్లుగా
తెల్లబడడం గురించి మాట్లాడుతూనే ఉంది.
ఏ ఊరమ్మాయివని అడిగితే విజయవాడ అన్నాను.
విజయవాడను నేను రైల్లోంచి చూశాను.

మా తాతను నెల్లూరు నుంచి తెచ్చింది
మద్రాసు దొడ్లు కడగడానికి.
మా అమ్మ పెంచలమ్మది కార్పొరేషన్ చీపురు.
చింతాద్రిపేటలో, కూవం గట్టు మీద,
మేం మాట్లాడుకునే తెలుగును
బస్సెక్కే ముందు పుక్కిలించి ఉమ్మేసేదాన్ని.

ఆ గట్టు మీదికీ వచ్చిందొక గీత.
తలుపు మీద ఎర్రరంగుతో ఒక అంకె.
అమ్మ రోజూ చెత్త ఎత్తిన లారీలోనే
అమ్మ మంచం ఎక్కింది, స్టవ్వు ఎక్కింది,
నాన్న ఫోటో బోర్లా ఎక్కింది.
ఆ పొద్దు నేను ఇదే మైకు ముందు
ఎవరో రాణికి పట్టాభిషేకం చేస్తున్నాను.
ఫోను సైలెంట్‌లో ఉంది.

ఆమె కథ మా కథ కాదు, తెలుసు.
ఆమె ముత్తవ్వను సంతలో నిలబెట్టి కొన్నారు.
మమ్మల్ని కొనే పని కూడా
పడలేదు ఎవరికీ.

రెండో టేక్.
"ఈడనే ఉండింది మా పొయ్యి."

పెదాలకు సరిపోలేదు.
ఆమె నోరింకా కదులుతుంటే నా మాట అయిపోయింది.
మిగిలిన ఆ కాస్త చోటులో
నాకు తెలీకుండానే "గదమ్మా" అన్నాను.
సరిపోయింది.

ఆ తర్వాత ఒడెల్లా పదకొండు సెకన్లు ఏమీ అనదు.
స్క్రిప్టులో ఒకటే మాట: శ్వాస.
మౌనానికి డబ్బింగు ఉండదు, ఊపిరికి ఉంటుంది.
ఆమె ముక్కుపుటాలు చూస్తూ
ఆమెతో పాటు పీల్చాను,
ఆమె వదిలేదాకా వదల్లేదు.

సౌండ్ ఇంజినీరు ఇళంగో హెడ్‌ఫోన్ తీశాడు.
"అక్కా, ఇది ఏ ఊరి తెలుగు?"
మీ ఊరిదే, అన్నాను.

"జనానికి అర్థమవుతుందంటారా?" శేషశాయి గారు.
కాసేపు పెన్ను టకటకలాడించి,
"సేఫ్టీకి మామూలు తెలుగులో
ఇంకొకటి ఇచ్చేయండి."
ఇచ్చాను.
రెండూ దాచుకున్నారు. ఏది వాడతారో తెలీదు.

పెరుంబాక్కంలో లిఫ్టు పనిచెయ్యడం లేదు.
ఎనిమిది అంతస్తులు, మధ్యలో రెండుసార్లు ఆగి.
అమ్మ బన్ను టీలో ముంచుకుంటోంది.
అంతా చెప్పాను: వంతెన, స్తంభం, పొయ్యి,
అరచేత్తో తట్టడం.

నానిన బన్ను టీలో జారిపోయింది.
దాన్ని వేలితో వెతుకుతూ అడిగింది అమ్మ:
"ఎన్నో అంతస్తు ఇచ్చినారంట
ఆయమ్మకి?"